పుస్తకం గది దాటి వెళ్లాలి

ఏటా నవంబరు 14 నుంచి 20 వరకు జరిగే జాతీయ గ్రంథాలయ వారోత్సవాల్లో మా ప్రకాశం జిల్లా పాఠశాలల్లో వ్యాసరచన, వక్తృత్వం, క్విజ్ పోటీలు పెడతాం. పిల్లలు ఉత్సాహంగా పాల్గొంటారు, బహుమతులు అందుకుంటారు, వారం గడిచాక చాలాచోట్ల బీరువాకు మళ్లీ తాళం పడుతుంది. ఉన్నత పాఠశాలలో గ్రంథాలయ బాధ్యత చూస్తున్న ఉపాధ్యాయుడిగా నాకు ఈ పోటీల మీద వ్యతిరేకత ఏమీ లేదు. అయితే గ్రంథాలయం పేరుతో ఏ కార్యక్రమం జరిగినా, అది ముగిసేసరికి ఎన్ని పుస్తకాలు పిల్లల చేతుల్లో ఇళ్లకు వెళ్లాయన్నదే నేను చూస్తాను.

ఆ లెక్కన చూస్తే మా బడిలో అన్నిటికన్నా బాగా పనిచేసింది కథను బిగ్గరగా చదివి వినిపించడం. వారానికొకసారి చివరి పీరియడులో ఆరు, ఏడు తరగతుల పిల్లలను వేపచెట్టు కింద కూర్చోబెట్టి ఒక కథ మొదలుపెడతాను. పెద్దగా అభినయం అక్కరలేదు. తొందరపడకుండా, ప్రతి మాటా స్పష్టంగా వినబడేటట్టు, సంభాషణ వచ్చినచోట గొంతు కొద్దిగా మార్చి చదివితే పిల్లలు కదలకుండా వింటారు. ఒకనాటి కథలో, తప్పిపోయిన గొర్రెపిల్లను వెతుక్కుంటూ ఒక కుర్రవాడు చీకటి పడ్డాక చెరువు కట్ట ఎక్కుతాడు. కట్ట అవతల ఏదో కదిలిన చప్పుడు వినబడిందన్న వాక్యం దగ్గర నేను పుస్తకం మూసి బల్ల మీద పెట్టాను. "ఏమైంది సార్, చెప్పండి సార్" అని అందరూ ఒక్కసారిగా లేచారు. నేను చెప్పలేదు. గంట కొట్టాక, ఎప్పుడూ వెనక వరుసలో కూర్చునే పిల్లవాడొకడు బల్ల దగ్గరికి వచ్చి, అట్ట మీద ఉన్న గొర్రెపిల్ల బొమ్మను వేలితో తడిమి, "ఇది ఇంటికి తీసకపోవచ్చా సార్" అని అడిగాడు. వాళ్ల ఇంట్లోనూ గొర్రెలున్నాయి. వాడు ఇంకా ఒత్తులు కూడబలుక్కొని చదివే దశలోనే ఉన్నాడు, అయినా పుస్తకం ఇచ్చాను. తిరిగి తెచ్చిన రోజున తోటి పిల్లలు చుట్టూ చేరి కథ చెప్పమంటే, "మీరే చదువుకోండిరా" అన్నాడు. ఆ తరువాత ఆ పుస్తకం చాలాకాలం బీరువా ముఖం చూడలేదు.

వాడిని సారాంశం రాసి తెమ్మని నేను అడగలేదు. చదివిన ప్రతి పుస్తకానికీ నోటుబుక్కులో ఒక పేజీ రాయాలంటే పిల్లలు రాయడానికి సులువైన పుస్తకాన్నే ఎంచుకుంటారని, చదవాలనిపించిన పుస్తకం జోలికి పోరని నా నమ్మకం. మా దగ్గర నచ్చని పుస్తకాన్ని రెండు పేజీల తరువాతైనా వదిలేసి మరొకటి తీసుకోవచ్చు. ప్రతి పాఠకుడికీ తన పుస్తకం, ప్రతి పుస్తకానికీ దాని పాఠకుడు ఉండాలన్నది గ్రంథాలయ శాస్త్రవేత్త ఎస్.ఆర్.రంగనాథన్ 1931లో ప్రచురించిన గ్రంథాలయ సూత్రాల్లోని మాట. నాలుగు పుస్తకాలు అటూ ఇటూ తిరగేయనిస్తేనే తనకు కావలసిన పుస్తకం ఏదో పిల్లవాడికి తెలుస్తుంది. నీతికథలు మాత్రమే ఇవ్వాలని పట్టుబట్టే పెద్దలతో నేను ఏకీభవించలేను. దయ్యాల కథలు, క్రికెట్ ఆటగాళ్ల జీవితాలు, హాస్యకథలు, ఒంగోలు గిత్తల గురించిన పుస్తకాలు, వీటిలో దేనితో మొదలుపెట్టినా అది చదవడమే.

పుస్తకాలు బయటికి రాకపోవడానికి అసలు కారణం స్టాకు రిజిస్టరు. పుస్తకం పోతే సంతకం పెట్టినవారు జవాబు చెప్పాలి, అందుకే తాళం వేయడమే క్షేమమనిపిస్తుంది. ఆ భయం న్యాయమైనదే. కానీ చేతులు మారి చిరిగిన పుస్తకం తన పని తాను చేసినట్టేనని ప్రధానోపాధ్యాయుడు, తల్లిదండ్రుల కమిటీ ముందుగా ఒప్పుకొంటే ఆ భయం చాలావరకు తగ్గుతుంది. మా దగ్గర పుస్తకాలు ఇచ్చి పుచ్చుకొనే లెక్కను తొమ్మిదో తరగతి ఆడపిల్లలు రాస్తారు, వాళ్లకు ఏ పుస్తకం ఎవరింట్లో ఉందో నోటికి తెలుసు. పలచని బొమ్మల పుస్తకాలను వరండాలో తాడు కట్టి, బట్టల క్లిప్పులతో పిల్లల కళ్ల ఎత్తున, అట్ట కనబడేటట్టు తగిలిస్తాం. బీరువాలో వీపు మాత్రమే కనబడుతూ నెలల తరబడి నిలబడ్డ పుస్తకాన్ని అలా తగిలించిన రోజునే ఎవరో ఒకరు అడుగుతారు.

బడి దగ్గర పుస్తకాలు చాలకపోతే ఊళ్లోని శాఖా గ్రంథాలయం ఉంది. ఇంటిపన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను మనమే కడుతున్నాం కాబట్టి అక్కడ పిల్లలను సభ్యులుగా చేర్పించడానికి ఎవరూ మొహమాటపడనక్కరలేదు. వీలైతే పిల్లలను వేటపాలెం సారస్వత నికేతనానికి కూడా తీసుకువెళ్లాలి. 2022 వరకు మన జిల్లాలోనే ఉండి ఇప్పుడు బాపట్ల జిల్లాలోకి వెళ్లిన ఆ గ్రంథాలయం 1918లో మొదలైంది, దాని భవనానికి 1929లో గాంధీజీ శంకుస్థాపన చేశారు. అక్కడ దాచి ఉంచిన పాత పత్రికలను చూస్తే, ఊరివాళ్లు పూనుకొంటే ఎంతటి గ్రంథాలయం నిలబడుతుందో పిల్లలకు కళ్లారా తెలుస్తుంది.

వేసవి సెలవులకు బడి మూసే ముందు ఒక్కొక్కరికి మూడేసి పుస్తకాలు ఇచ్చి పంపాలని ఈ ఏడు అనుకుంటున్నాం, అందుకు మా దగ్గరున్నవి సరిపోవు. మీ ఇంటి అటక మీద పాత చందమామలు, పిల్లల కథల పుస్తకాలు ఉంటే మీకు దగ్గరలోని జిల్లా పరిషత్ పాఠశాలకు ఇవ్వండి. ఇచ్చేటప్పుడు వాటిని బీరువాలో పెట్టవద్దని, ఆ రోజే పిల్లలకు పంచమని మరీ మరీ చెప్పండి.