ఎడారి కాలేజీలో ఒక పూట

"కొంచెం పక్కకి జరుగుతారా?" అన్నాడో కుర్రాడు. చేతిలో పాల బకెట్, ఇంకా నురగ కూడా చల్లారలేదు. బూట్ల నిండా పేడ. అరగంట తర్వాత చూస్తే అదే కుర్రాడు క్లాసులో ప్లేటో మీద గట్టిగా వాదిస్తున్నాడు!

కాలిఫోర్నియా ఎడారి లోయలో డీప్ స్ప్రింగ్స్ కాలేజీ ఇది. 1917 నుంచి ఉంది. మొత్తం పాతిక ముప్పై మంది పిల్లలు. ఫీజు లేదు, కానీ వారానికి కనీసం 20 గంటలు పని చెయ్యాలి. ఆవులు, గడ్డి, వంట, అంట్లు. ఎవరికి ఏ పనో పంచేదీ ఒక స్టూడెంటే. లెక్చరర్లని ఎంపిక చేసే కమిటీలో కూడా వాళ్ళే ఉంటారు. (మేమైతే ఇంటర్లో లెక్చరర్ ఎదురొస్తే సైకిల్ దిగిపోయేవాళ్ళం.)

అమ్మాయిల్ని మాత్రం 2018లో గానీ చేర్చుకోలేదు. అదొక్కటే నాకు మింగుడు పడలేదు.

భోజనాల దగ్గర ప్రొఫెసర్లు, మెకానిక్, పిల్లలు అందరూ కలిసే కూర్చున్నారు. ఎవరెవరో పోల్చుకోలేకపోయాను. తిన్న ప్లేటు అక్కడే వదిలేసి లేవబోయాను, అలవాటు కదా. ఎదురుగా ఉన్న అమ్మాయి ఏమీ అనలేదు. సింక్ వైపు ఒకసారి చూసింది, అంతే.

కడిగాను. రెండుసార్లు.