కిరాణా కొట్టు ముందు మా పునుగుల బండి: రెండు కాగితాల కథ

ఆ రోజు మొదటి వాయి పునుగులు ఇంకా మూకుడులోనే ఉన్నాయి. మున్సిపాలిటీ ట్రాక్టరు మా బండి పక్కనే వచ్చి ఆగింది. నలుగురు దిగారు. "స్టవ్ ఆపెయ్యమ్మా, బండి తియ్యాలి" అన్నాడు ఒకతను. కాగుతున్న నూనె పక్కన మనుషులు అటూ ఇటూ తోసుకుంటుంటే నాకు కాళ్లు వణికాయి. ముందు మూకుడు దించనివ్వండి బాబూ అని బతిమాలాను. నేను దించేలోగానే సిలిండర్ ట్రాక్టర్ ఎక్కింది. పిండి బకెట్ ఎత్తబోతే ఎవరి చెయ్యో జారి, సగం పిండి కాలవ పలకల మీద పడిపోయింది. ముందు రోజు రాత్రి నానబోసి, పొద్దున్నే రుబ్బి, సాయంత్రానికి సరిగ్గా పులిసిన పిండి అది.

బండి కమ్మీకి లామినేషన్ చేయించిన సర్టిఫికెట్ ఒకటి వేలాడుతూ ఉండేది. పద్నాలుగు అంకెల నంబరు, పక్కన నా ఫోటో. "ఇదిగోండి నా లైసెన్స్" అని విప్పి చూపించాను. అతను పూర్తిగా చదివాడు. చదివి, "ఇది తిండి కాగితం అమ్మా, చోటు కాగితం కాదు" అన్నాడు.

2022 ఫిబ్రవరిలో జరిగిందిది. అప్పటికి పద్నాలుగు నెలలుగా బండి నడుపుతున్నాను. అతను చెప్పిన తేడా నాకు అంతవరకూ తెలియదు. నాలాంటి వాళ్లు చాలామందికి ఇప్పటికీ తెలియదు, అందుకే ఇదంతా రాస్తున్నాను.

నేను ప్రైవేటు స్కూల్లో తొమ్మిదేళ్లు తెలుగు చెప్పాను. 2020 మార్చిలో లాక్‌డౌన్ రాగానే జీతం ఆగిపోయింది. మా ఆయనకి రైస్ మిల్లులో గుమస్తా పని, సగం నెలలు అదీ లేదు. డిసెంబరులో సెకండ్ హ్యాండ్ బండి ఒకటి కొన్నాం. మా వీధి మొదట్లో ఉన్న కిరాణా కొట్టాయన మా నాన్నకి స్నేహితుడు, బాబాయ్ అని పిలుస్తాను. "మా కొట్టు ముందు పెట్టుకో అమ్మాయ్, నెలకి పదిహేను వందలివ్వు, బల్బు, నీళ్లు నేనిస్తా" అన్నారు. లైసెన్స్ మాటెత్తితే, "నా ట్రేడ్ లైసెన్స్ ఉందిగా, అదే నీకూనూ" అన్నారు. ఆయన నిజంగా అలాగే అనుకున్నారు, నేనూ నమ్మాను. కానీ ఆ లైసెన్స్ ఆయన షట్టర్ లోపల జరిగే వ్యాపారానిది. షట్టర్ బయట మెట్టు దిగితే అది మున్సిపాలిటీ రోడ్డు మార్జిన్. అక్కడ చోటు అద్దెకిచ్చే హక్కు ఆయనకీ లేదు.

తిండి కాగితం సంగతి తొందరగా చెప్పేస్తాను, ఎందుకంటే అది తేలిక. ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (తిండి భద్రత చూసే కేంద్ర సంస్థ) వాళ్ల ఫాస్కాస్ పోర్టల్‌లో రిజిస్ట్రేషన్ చేసుకోవాల్సి వచ్చింది. నేను చేసుకున్నప్పుడు ఏడాది అమ్మకం 12 లక్షల లోపు ఉన్న చిన్న వ్యాపారులకి లైసెన్స్ అక్కర్లేదు, రిజిస్ట్రేషన్ సరిపోయేది. అప్పుడు ఫీజు ఏడాదికి 100 రూపాయలు. ఫోటో, గుర్తింపు కార్డు ఉంటే చాలు. ఆ సంగతి తెలియక నెట్ సెంటర్ దగ్గర ఒక ఏజెంటుకి పదిహేను వందలు ఇచ్చాను. తనిఖీకి వచ్చిన ఆఫీసరు గారు మాత్రం మంచి మాటలు చెప్పి వెళ్లారు. న్యూస్ పేపర్లో పునుగులు కట్టొద్దన్నారు, వేడి నూనెకి ప్రింటింగ్ సిరా తిండిలోకి దిగుతుందట. మర్నాటి నుంచి అరిటాకు ముక్క వేసిన పేపర్ ప్లేట్లు పెట్టాను. నిన్నటి నూనెలో కొత్త నూనె కలపడం కూడా మానేశాను. ఆ కాగితం చెప్పేది ఇంతే: ఈవిడ ఈ తిండి వండుతుంది, మా లెక్కలో ఉంది అని. ఎక్కడ నిలబడి అమ్మాలో అది చెప్పదు.

ట్రాక్టర్ తీసుకెళ్లిన బండి శుక్రవారం పోతే బుధవారం దొరికింది. జరిమానా కట్టించుకున్నారు. ఏమేం తీసుకెళ్లారో జాబితా ఇవ్వలేదు, స్టవ్ నాబ్ ఒకటి పోయింది, మిగిలిన పిండి ఎలాగూ పోయింది. తర్వాత మా అబ్బాయి వీధి విక్రయదారుల చట్టం, 2014 ఫోన్లోకి దించి ఇస్తే, పక్కన డిక్షనరీ పెట్టుకుని వారం రోజులు చదివాను. సామాను పట్టుకుంటే సంతకంతో జాబితా ఇవ్వాలని 19వ సెక్షన్లో ఉంది. ఫీజు కట్టి అడిగితే పాడైపోయే సరుకు ఆ రోజే, మిగతాది రెండు పనిదినాల్లో తిరిగివ్వాలని కూడా అందులోనే ఉంది. అది చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. కాలవ మీద పడిన ఆ పిండే కళ్ల ముందు మెదిలింది. సిలిండర్ విషయంలో మాత్రం తప్పు నాదే. ఇంటి సిలిండర్ వ్యాపారానికి వాడకూడదు. దాన్నిక అడగలేదు, 19 కిలోల కమర్షియల్ కనెక్షన్ తీసుకున్నాను.

ఇక చోటు కాగితం, అంటే రోడ్డు పక్కన ఫలానా చోట అమ్ముకోవచ్చని ఇచ్చే సర్టిఫికెట్. మార్చిలో వార్డు సచివాలయానికి వెళ్లాను. వెల్ఫేర్ సెక్రటరీ అమ్మాయి మెప్మా (పట్టణ పేదల కోసం పనిచేసే ప్రభుత్వ సంస్థ) ఆర్పీని, అంటే వాళ్ల వార్డు కార్యకర్తని పిలిచి లిస్టు చూపించింది. 2020లో చేసిన వీధి వ్యాపారుల సర్వే అది. నేను బండి పెట్టిందే ఆ సంవత్సరం చివర్లో కాబట్టి అందులో నా పేరు లేదు. అక్కడి నుంచి మున్సిపల్ ఆఫీసుకి పంపారు. కిటికీ దగ్గర క్లర్కు, "సర్వే అయిపోయిందమ్మా, మళ్లీ అయిదేళ్లకి" అన్నాడు. మూడుసార్లు వెళ్తే మూడుసార్లూ అదే మాట. నాలుగోసారి వెళ్లేటప్పుడు చట్టంలో 4వ సెక్షన్ రెండో ఉపసెక్షన్ ప్రింటు తీసుకెళ్లాను. రెండు సర్వేల మధ్య కాలంలో ఎవరైనా వ్యాపారం పెట్టుకోవాలని అడిగితే, వీధి వ్యాపారాల సంగతి చూసే టౌన్ వెండింగ్ కమిటీ ఆ సర్టిఫికెట్ ఇవ్వవచ్చని అందులో ఉంది. చోటు ఖాళీ ఉండాలి, ప్లానుకి సరిపడాలి. తప్పనిసరిగా ఇవ్వాలని లేదు, ఇవ్వవచ్చు అనే ఉంది. అయినా సర్వే అయిపోయిందని తలుపు మూసేయడానికి వీల్లేదు కదా. అతను చదివి, "ఇది మా పైవాళ్లు చూడాలి" అన్నాడు. అర్జీ తీసుకోలేదు.

ఆ అర్జీ సోమవారం స్పందనలో (జనం అర్జీలు తీసుకునే అప్పటి ప్రభుత్వ కార్యక్రమం) ఇచ్చాను. ఆ కమిటీకి మున్సిపల్ కమిషనరే ఛైర్మన్. అర్జీలో నా కష్టాలు రాయలేదు. సెక్షన్, బండి కొలతలు, అమ్మే వస్తువులు, అమ్మే వేళలు, మొత్తం ఒక్క పేజీ. రసీదు నంబరు తీసుకున్నాను. అక్కడి నుంచి పని కదిలింది.

పద్నాలుగు నెలలుగా అక్కడే ఉన్నానని రుజువేమిటని అడిగారు. నా దగ్గర ఉన్నది ఆశీలు చీటీలు. రోజూ సాయంత్రం గుత్తేదారు మనిషి వచ్చి ఇరవై రూపాయలు తీసుకుని, వేలెడంత గులాబీ రంగు చీటీ చింపి ఇచ్చేవాడు. వాటిని పారెయ్యకుండా మా అబ్బాయి పాత నోటు పుస్తకంలో అన్నం మెతుకులతో అంటించేదాన్ని, నెలకో పేజీ. ఎందుకు చేశానో కూడా తెలియదు, హాజరు పట్టీ రాసిన అలవాటేమో. ఆశీలు కట్టడం అనుమతి కాదు, అది ఎవరు కూర్చున్నా వసూలు చేస్తారు. కానీ ఏ రోజు ఎక్కడ ఉన్నానో ఆ పుస్తకం చెప్పింది. ఆఫీసులో ఆ పేజీలు ఒక్కొక్కటీ తిప్పి చూశారు. మీరు చీటీలు తీసుకుంటున్నారా? దయచేసి దాచండి.

కొట్టు యజమాని ఒప్పుకున్నట్టు ఒక ఉత్తరం కూడా తెమ్మన్నారు. చట్టమంతా వెతికాను, అలాంటి మాట నాకెక్కడా కనిపించలేదు. అయినా వాదనకి దిగలేదు, బాబాయ్‌ని అడిగాను. ఆయన వెంటనే ఇవ్వలేదు. "రేపు కొట్టు అమ్ముకోవాలంటే నీ బండి అడ్డం అంటారేమో అమ్మాయ్. ఇవాళ కార్డంటావు, రేపు ఈ చోటే నాదంటే?" అన్నారు. ఆయన భయంలో తప్పు లేదు. ముప్ఫై ఏళ్లుగా ఆ షట్టరు మీదే బతికారు. 29వ సెక్షన్ తెలుగులో రాసుకెళ్లి చదివి వినిపించాను: సర్టిఫికెట్ ఉన్నంత మాత్రాన ఆ చోటు మీద వ్యాపారికి యాజమాన్యం రాదు. రెండు రోజులు ఆలోచించుకుని, కొట్టు బిల్లు కాగితం వెనకాల నాలుగు లైన్లు రాసి సంతకం పెట్టారు.

తర్వాత టౌన్ ప్లానింగ్ వాళ్లు టేపు పట్టుకుని వచ్చారు. కాలవ పలకల మీద బండి ఉండకూడదన్నారు, పూడిక తీసేవాళ్లు పలకలు ఎత్తాలి కదా. మలుపు నుంచి కూడా జరగమన్నారు. చివరికి కొట్టు మెట్లకి ఎడమ పక్క, ఆరడుగులు పొడవు, నాలుగడుగులు వెడల్పు చూపించారు. మా వీధి ఆంబర్ జోన్‌లో ఉంది, అంటే షరతులతో అమ్ముకోవచ్చు. మాకు సాయంత్రం 4 నుంచి రాత్రి 10 దాకా టైమిచ్చారు. టేపు పట్టుకున్న కుర్రాడు నేల మీద ఇటుక ముక్కతో గీత గీసినప్పుడు, నేను ఆ గీతలోపల నిలబడి చూసుకున్నాను. బండికీ నాకూ సరిపోయింది.

జూన్‌లో హామీ పత్రం మీద సంతకం పెట్టాలన్నారు. అందులో మూడు మాటలుంటాయి. వ్యాపారం నేను గానీ మా కుటుంబంలో వాళ్లు గానీ చేస్తాం, నాకు వేరే జీవనాధారం లేదు, ఈ సర్టిఫికెట్ ఎవరికీ అద్దెకివ్వను, అమ్మను. ఆ రెండో మాట దగ్గర ఆగిపోయాను. సరిగ్గా ఆ వారమే పాత స్కూలు నుంచి ఫోన్ వచ్చింది. పాత జీతంలో సగమిస్తాం, రమ్మన్నారు. తొమ్మిదేళ్లు పద్యాలు చెప్పిన గది అది. పొద్దున స్కూలు, సాయంత్రం బండి అని మనసు లాగింది. అబద్ధం రాస్తే ఎవరు పట్టుకుంటారని తెలిసినవాళ్లే అన్నారు. నాకు రాయబుద్ధి కాలేదు. చోటు కోసం అంత నిజాయితీగా పోరాడి, దాని కింద అబద్ధం మీద సంతకం పెట్టలేను. ఆ రాత్రి నేనూ మా ఆయనా లెక్క వేసుకున్నాం. నూనె, పప్పు, గ్యాస్, ఆశీలు పోగా బండి మీద మిగిలేది స్కూలిస్తానన్న దానికంటే ఎక్కువే. అయినా తేల్చింది లెక్క ఒక్కటే కాదు. తెల్లారి స్కూలుకి ఫోన్ చేసి రానని చెప్పాను. ఫారంలో వృత్తి అన్నచోట "వీధి వ్యాపారం" అని గుండ్రటి అక్షరాలతో రాశాను. రాస్తుంటే ఏడుపు వచ్చింది, కానీ బాధతో కాదు.

కమిటీ మీటింగ్ రెండుసార్లు వాయిదా పడింది. ఆ కమిటీలో నూటికి 40 మంది వీధి వ్యాపారులే ఉండాలి, వాళ్లలో మూడో వంతు ఆడవాళ్లు ఉండాలి. పూలమ్మే ఒక అక్క మా ఊరి కమిటీలో ఉంది. వెళ్లి పరిచయం చేసుకున్నాను. మీటింగ్ అయిన సాయంత్రం తనే మా బండి దగ్గరికి వచ్చి, "నీది ఓకే అయింది చెల్లీ" అని చెప్పి ఒక ప్లేటు పునుగులు తినివెళ్లింది. డబ్బులు వద్దంటే వినలేదు. అక్టోబరులో సర్టిఫికెట్, మెడలో వేసుకునే గుర్తింపు కార్డు చేతికొచ్చాయి.

బాబాయ్‌తో మాట్లాడడమే అన్నిటికంటే కష్టమైంది. "చోటుకి అద్దె ఇక ఇవ్వను బాబాయ్. కరెంటుకి, నీళ్లకి నెలకి అయిదొందలు ఇస్తాను. శనగపిండి, నూనె మాత్రం మీ దగ్గరే కొంటాను" అన్నాను. ఆయన ఏమీ అనలేదు. రెండు రోజులు బల్బు వెలగలేదు, మా ఇంటి నుంచి ఛార్జింగ్ లైటు తెచ్చుకుని అమ్మాను. మూడో రోజు చీకటి పడుతుంటే ఆయనే స్టూలేసుకుని వైరు లాగి, పాతదాని కంటే పెద్ద బల్బు పెట్టారు. దిగుతూ, "అల్లప్పచ్చడి కొంచెం ఎక్కువెయ్యి" అన్నారు.

డిసెంబరులో తిండి కాగితం గడువు తీరుతుంటే, ముందే రెన్యువల్ పెట్టాను. ఏజెంటు దగ్గరికి పోలేదు. మధ్యాహ్నం పిండి పులిసేలోగా అరుగు మీద కూర్చుని నా ఫోన్లోనే చేసుకున్నాను. వంద రూపాయలైంది.