"కాబట్టి మీరు వెళ్లి" ఎక్కడ పోయింది?

"ఇదిగో నేను యుగసమాప్తి వరకు సదాకాలము మీతో కూడ ఉన్నాను." ఈ మాట లేని గోడ మన ఇళ్లలో అరుదు. క్యాలెండరు మీద, కారు వెనక అద్దం మీద, కొత్త ఇంటి గుమ్మం మీద, ఎక్కడ చూసినా ఇదే. డిసెంబరు 31 రాత్రి వాచ్‌నైట్ ఆరాధనలో, కొత్త ఏడాదికని వచనం రాసిచ్చే వాగ్దాన కార్డుగా ఇది చేతికొస్తే ఇక ఏడాదంతా టెన్షన్ లేనట్టే, ఫోటో తీసి స్టేటస్ పెట్టేస్తాం. పెట్టుకోండి, వద్దనను. కానీ దానికి ముందున్న "కాబట్టి మీరు వెళ్లి, సమస్త జనులను శిష్యులనుగా చేయుడి" అన్న మాట ఎక్కడ పోయింది? మత్తయి సువార్త చివర్లో ప్రభువు చెప్పినదాన్ని సగం కోసి, మనకి పనికొచ్చే ముక్క మాత్రం ఫ్రేము కట్టించుకున్నాం. పొమ్మన్నవాడు పోయేవాళ్లకి ఇచ్చిన మాట అది. కదలకుండా కూర్చుని దాన్ని క్లెయిమ్ చేసుకునే ప్రార్థనలు వింటే నాకు నిజంగా ఒళ్లు మండుతుంది.

ఈ వచనాన్ని పూర్తిగా, రెండు ముక్కలూ కలిపి నమ్మిన ఇల్లు ఒకటుంది. జాన్ పేటన్ గారిది. మిషనరీ ఆదివారం నాడు ఆయన పేరు వినే ఉంటారు, పసిఫిక్ మహాసముద్రంలో న్యూ హెబ్రిడీస్ దీవులకి (ఇప్పటి వనువాటు) వెళ్లిన స్కాట్లాండ్ మనిషి. మన ప్రసంగీకులు ఎప్పుడూ చెప్పేది అనీవా దీవిలో బావి కథే. మంచి కథే, కాదనను. పగడపు దీవిలో మంచినీళ్లకి కటకట, వాన పైనుంచి పడుతుంది గానీ కింది నుంచి ఎక్కడైనా వస్తుందా అని ముసలి పెద్ద నమకేయ్ నవ్వడం, పేటన్ ముప్ఫై అడుగుల దాకా తవ్వడం, తియ్యటి నీళ్లు పడటం, కంటికి కనబడని నీళ్లలాగే కంటికి కనబడని దేవుడూ ఉన్నాడని ఆ నమకేయే లేచి ప్రసంగం చేయడం. హల్లెలూయ, ఆమేన్, కానుకల పాట. బావి దగ్గరికి రావడానికి ముందు ఆ ఇంట్లో తవ్విన గుంట ఒకటుంది, దాని మాట మాత్రం ఎవరూ ఎత్తరు.

1858 ఏప్రిల్‌లో పేటన్, మేరీ ఆన్ రాబ్సన్ పెళ్లి చేసుకున్నారు. రెండు వారాలకి ఓడెక్కారు. అమ్మాయికి ఇరవై ఏళ్లు కూడా నిండలేదు. పొరుగున ఎర్రొమాంగా దీవిలో 1839లోనే జాన్ విలియమ్స్ అనే మిషనరీని ఒడ్డు మీదే చంపేశారన్న సంగతి తెలిసే వెళ్లారు. నవంబరు 5న తన్నా దీవిలో పోర్ట్ రిజల్యూషన్ దగ్గర దిగారు. ఇల్లు సముద్రం పక్కన పల్లంలో కట్టుకున్నారు, అక్కడ చలిజ్వరాలు. మరుసటి ఏడు ఫిబ్రవరి 12న బాబు పుట్టాడు. మార్చి 3న తల్లి పోయింది. మార్చి 20న ఆ పసివాడూ పోయాడు.

మన ఇళ్లలో తొలి కాన్పంటే పుట్టింటికి తీసుకొస్తాం. అమ్మ చేతి పథ్యం, అమ్మమ్మ పోసే నీళ్లు, ఇంటినిండా మనుషులు. మేరీకి అవేమీ లేవు. జ్వరంలో ఆ పిల్ల, మా అమ్మ ఇక్కడుంటే ఎంత బాగుండు, మా అమ్మ ఎంత మంచిదో అని తలుచుకుంది. పక్కన ఇంకో మిషనరీ ఉన్నాడని గమనించి, ఇక్కడికి వచ్చినందుకు బాధపడుతున్నానని అనుకోవద్దు, మళ్లీ చేయాల్సి వస్తే ఇంకా సంతోషంగా వస్తాను అందట. ఈ రెండు మాటలూ పేటన్ తన ఆత్మకథలో రాసుకున్నాడు. మనం ప్రసంగాల్లో రెండోదే చెప్తాం. నాకు మొదటిదే ముఖ్యం. అమ్మ కావాలని అడిగినంత మాత్రాన విశ్వాసం తగ్గిపోయిందని ఎవరంటారు? సిలువ మీద నుంచి తన తల్లిని యోహానుకి అప్పగించినవాడు ఆ మాట విని ఊరుకుంటాడా?

ఇంటి పక్కనే పేటన్ తన చేతులతోనే సమాధి తవ్వాడు. చుట్టూ పగడపు రాళ్లు పేర్చాడు. తెల్లటి పగడాన్ని సన్నటి గులకలా పగలగొట్టి పైన పరిచాడు. ఆ గులక కొడుతున్న మనిషిని ఒక్కసారి మనసులో చూడండి. రాయి తర్వాత రాయి. అతనికి కూడా జ్వరమే. అప్పుడు ఎవరైనా వెళ్లి "సదాకాలము మీతో కూడ" అని కార్డు చేతిలో పెడితే ఏమనేవాడో! తర్వాత ఆయన రాసిన మాట వేరే ఉంది. యేసే లేకపోతే, అక్కడ ఆయన ఇచ్చిన సహవాసమే లేకపోతే, ఆ సమాధి పక్కన పిచ్చెక్కి చచ్చిపోయేవాణ్ణని. నేను ఏళ్ల తరబడి ఈ వచనం చదివి తెలుసుకున్నది ఇంతే: ఆయన తోడుంటానన్నాడు, జ్వరం రాదనలేదు. మనకి రెండోది కావాలి, అందుకని మొదటిదాన్ని రెండోదిగా మార్చుకుని చదువుతాం.

ఆ తోడు ఎలా వచ్చిందో కూడా చూడండి. జ్వరం మీద జ్వరం వచ్చి పేటన్ మంచం పట్టినప్పుడు ఊళ్లో ఒక ముసలాయన అన్నాడట, మిస్సీ (మిషనరీని వాళ్లు అలా పిలిచేవాళ్లు), ఇంత పల్లంలో మేమెవరం పడుకోం, మెరక మీదికి పో అని. మెరక మీద ఇల్లు కట్టడానికి తోడ్పడిందీ, ఆయన్ని కంటికి రెప్పలా చూసుకుందీ అనైత్యుమ్ దీవి నుంచి వచ్చిన అబ్రాహాము, అతని భార్య. అనైత్యుమ్‌లో 1848 నుంచి జాన్ గెడ్డీ అనే మిషనరీ సేవ చేస్తే నమ్ముకున్నవాళ్లలో అతనొకడు. అంటే దీవివాళ్లే దీవులకి బోధకులుగా వెళ్లారు. నమూరి అనే అలాంటి బోధకుణ్ణి తన్నాలోనే కొట్టి చంపారు. వీళ్లకి మన మిషనరీ ఆదివారంలో చోటు లేదు, ఫోటోలు లేవు కదా!

తర్వాత పొంగు జ్వరం వచ్చి జనం కుప్పలుగా పోయారు, ఎర్రొమాంగాలో మిషనరీలు గోర్డన్ దంపతుల్ని 1861లో నరికేశారు, 1862లో పేటన్ ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని తన్నా విడిచాడు. ఇక్కడ ఒకటి దాచకూడదు. 1865లో బ్రిటిష్ యుద్ధనౌక కురసోవా తన్నా మీద ఫిరంగులు పేల్చినప్పుడు ఆయన ఆ ఓడలోనే ఉన్నాడు. గెడ్డీకే అది నచ్చలేదు. నాకూ నచ్చదు. పరిశుద్ధుల చరిత్రలో మరకలు తుడిచేసి చదవడం బైబిలు మనకి నేర్పలేదు, దావీదు కథ తెలిసినవాళ్లం.

1866లో అనీవాకి వచ్చినప్పుడు పక్కన మార్గరెట్ ఉంది, రెండో భార్య. అక్కడి ఆడవాళ్లకి కుట్టు నేర్పింది, పాటలు నేర్పింది, పిల్లల్ని కంది, కన్నవాళ్లలో కొందరిని మట్టికిచ్చింది. ఆమె ఇంటికి రాసిన ఉత్తరాలు తర్వాత పుస్తకంగా వచ్చాయి. 1869 అక్టోబరు 24న అనీవాలో మొదటి ప్రభురాత్రి భోజనం జరిగింది. ఆ బల్ల దగ్గర అయ్యగారి చెయ్యి రొట్టె విరిచింది సరే, ఆ రోజు దాకా ఆ ఇంట్లో రొట్టె కాల్చిన చెయ్యి ఎవరిది? 1896లో వాళ్ల కొడుకు ఫ్రాంక్ ఎక్కడికి వెళ్లాడనుకున్నారు? తన్నాకే. మేరీ, ఆ పసివాడు ఉన్న దీవికే.

మా నానమ్మ కోనసీమ లంకల్లో తాతయ్యతో కలిసి సేవ చేసింది. పడవ మీద దాటడం, వరదొస్తే సామాను అటక మీదికి ఎక్కించడం, రాత్రి ప్రార్థనకి వచ్చినవాళ్లందరికీ అన్నం వండటం, అంతా ఆమెదే. మా సంఘం జూబిలీ పుస్తకంలో తాతయ్యకి పూర్తి పేజీ, ఫోటోతో. నానమ్మ పేరు లేదు. "అయ్యగారు కుటుంబసమేతంగా" అని ఉంది. ఆమె నవ్వి ఊరుకుంది గానీ నేను ఊరుకోలేను.

కాబట్టి అన్నయ్యలూ, అక్కయ్యలూ, ఒక్క పని చేయండి. మీ సంఘం పోషిస్తున్న మిషనరీ కుటుంబం ఏదో ఒకటి ఉంటుంది, ఒడిశా కొండల్లోనో, అండమాన్‌లోనో, ఇంకెక్కడో. కానుక పంపించి రసీదు దాచుకోవడంతో సరిపెట్టకండి. ఈ ఆదివారం ఫోన్ చేసి అయ్యగారిని రెండు నిమిషాలు పలకరించి, ఫోన్ అమ్మగారికి ఇవ్వమనండి. పిల్లల ఫీజు కట్టారా, ఇంట్లో ఎవరికైనా జ్వరమా, వాళ్లమ్మను చూసి ఎన్నాళ్లయింది అని అడగండి. ఎన్నాళ్లో అయిందంటే టికెట్ డబ్బులు వేసుకుని పుట్టింటికి పంపించండి. ప్రార్థన ఆ తర్వాత చేద్దాం.