కొంగ కనిపించేదాకా

2023 మార్చి 20. ఆ రాత్రి 11:24కి విషువత్తు, అంటే పగలూ రాత్రీ సమానమయ్యే ఘడియ, ఇక వసంతమే అన్న ధీమాతో బల్గేరియాలోని ప్లోవ్‌దివ్‌లో దిగాను. బయట చూస్తే పళ్లు టకటకలాడే చలి. "బాబా మార్తాకి కోపమొచ్చింది" అంది నేను దిగిన ఇంటి పెద్దావిడ, వచ్చీరాని ఇంగ్లిష్‌లో. బాబా అనగానే నాకు షిరిడీ గుర్తొచ్చింది. బల్గేరియన్‌లో బాబా అంటే అవ్వట. మార్చి నెలే వాళ్లకొక అవ్వ. నవ్విందా ఎండ, అలిగిందా మంచు.

ఆవిడే నా మణికట్టుకి ఎరుపు తెలుపు దారాల పేట కట్టింది. దాని పేరు మార్తెనిత్స. చూడ్డానికి మన వ్రతాల తోరమే, పసుపు ఒక్కటే తక్కువ. మార్చి 1న ఒకరికొకరు ఇచ్చుకుంటారు. కొందరివి దారపు బొమ్మలు: పిజో, పెండా అని మొగుడూ పెళ్లామూ. కొంగో, పిచ్చుకలాంటి వానకోవెలో, పూసిన చెట్టో కనబడేదాకా దారం విప్పరు. కనబడ్డాక చెట్టుకొమ్మకి కట్టేస్తారు. క్యాలెండర్ మాట చెల్లదన్నమాట. 2017లో యునెస్కో కూడా ఈ ఆచారాన్ని తన వారసత్వ జాబితాలో చేర్చింది.

22న మనకు శోభకృత్ ఉగాది. వాళ్లకు పాత క్యాలెండర్ లెక్కన మ్లాదెంత్సి, నలభై మంది క్రైస్తవ అమరవీరుల రోజు. పెద్దావిడ తేనె రాసిన చిన్న రొట్టె చేతిలో పెట్టింది. వేపపువ్వు లేని నా ఉగాదికి అదే ప్రసాదం.

కొంగల కోసం బెలోజెమ్ వెళ్దామని స్టేషన్‌కెళ్లాను. ఆగి ఉన్న రైలు చూపించి "బెలోజెమ్?" అని అడిగితే ఒకాయన తల అడ్డంగా ఊపాడు. సరే, కాదు కాబోలని నిలబడ్డాను. రైలు వెళ్లిపోయింది. అక్కడ తల అడ్డంగా ఊపితే అవునని అర్థమట! తల ఊపుడు విద్యలో మనల్ని మించినవాళ్లు లేరనుకునేవాణ్ణి.

తర్వాతి రైలెక్కి వెళ్లాను. బెలోజెమ్‌కి 'యూరోపియన్ కొంగల ఊరు' అన్న గుర్తింపుంది. కరెంటు స్తంభాల మీద బండెడు పుల్లలతో గూళ్లు. చాలావరకు ఖాళీయే. ఆఫ్రికాలో చలికాలం గడిపి, టర్కీలోని బోస్ఫరస్ జలసంధి మీదుగా ఎగిరొచ్చే తెల్ల బెగ్గురు కొంగలవి. తిరిగి తిరిగి కాళ్లు పీకుతుంటే, చివరి వీధిలో ఒకే ఒకటి, గూట్లో ఒంటికాలి మీద నిలబడి ముక్కు టపటపలాడించింది. మన వీరాపురంలో ఎర్రకాళ్ల కొంగలు ఇళ్ల మధ్య చెట్ల మీదే కాపురం పెట్టడం గుర్తొచ్చింది. దారం విప్పి, పక్కనే మొగ్గ తొడుగుతున్న ఓ చెట్టుకి కట్టాను.

ఇంటికొచ్చేసరికి పెద్దావిడ నా ఖాళీ మణికట్టు చూసి, రెక్కల్లా చేతులాడిస్తూ "ఎగురుతోందా?" అని అడిగింది. మొదటి కొంగ ఎగురుతూ కనబడితే ఆ ఏడంతా చురుకు, ప్రయాణాలు. నిలబడి కనబడితే బద్ధకం. లేదన్నట్టు తల అడ్డంగా ఊపాను. ఆవిడ చప్పట్లు కొట్టి, ఇంకో రొట్టె పెట్టింది.

నేనేమీ సరిదిద్దలేదు.