ఒడ్డు కరెంటు కేబుల్‌కు తాళం ఎక్కడ వేయాలి?

అమెరికా తూర్పు తీరంలోని చీసాపీక్ అఖాతంలో పడవ ఉంచుకునే తెలుగువాళ్ళం కొద్దిమందిమే అయినా, మా మాటల్లో తరచూ వచ్చే విషయం ఒకటుంది: డాక్ మీది కరెంటు స్తంభం నుంచి పడవకు విద్యుత్తు అందించే పసుపురంగు కేబుళ్ళ దొంగతనం.

అమెరికాలో చిన్న, మధ్యరకం పడవలకు సాధారణంగా 120 వోల్టుల, 30 ఆంపియర్ల కనెక్షన్ ఉంటుంది. పెద్ద పడవలు 50 ఆంపియర్లది వాడతాయి. ఎక్కువగా కనిపించే 50 అడుగుల కేబుల్ 30 ఆంపియర్లదైతే వంద డాలర్లు దాటుతుంది, 50 ఆంపియర్లదైతే అంతకు కొన్ని రెట్లు పలుకుతుంది. దాన్ని అలాగే అమ్ముకోవచ్చు, లేదా లోపలి రాగిని తుక్కు కింద వేయవచ్చు. ప్లగ్గును కాస్త తిప్పి లాగితే ఊడివస్తుంది. ఆ మెలిక పడవ ఊగినప్పుడు కనెక్షన్ జారిపోకుండా పెట్టినదే తప్ప దొంగను ఆపడానికి పెట్టినది కాదు. పైగా కేబుల్ చుట్టను భుజాన వేసుకుని నడిచే మనిషిని డాక్ మీద ఎవరూ అనుమానించరు.

అయితే కేబుల్ ధర ఇందులో చిన్న నష్టం. కరెంటు ఆగితే బ్యాటరీ చార్జర్ ఆగుతుంది. అడుగున చేరే నీటిని తోడే బిల్జ్ పంపు మాత్రం బ్యాటరీ మీదే నడుస్తూ దాన్ని ఖాళీ చేస్తుంది. నీటి ఊట కొద్దిపాటిదే అయినా, యజమాని వారాల తరబడి రాకపోతే పడవ మునిగే ప్రమాదముంది. శీతాకాలంలో పడవ చుట్టూ మంచు గడ్డకట్టకుండా నీటిని కదిలించే యంత్రం కూడా ఈ కరెంటుతోనే పనిచేస్తుంది. అందుకే, తాళం కన్నా ముందు, కరెంటు పోగానే ఫోనుకు సందేశం పంపే పరికరానికి డబ్బు పెట్టడం మంచిదని నా అభిప్రాయం. అది సొంత బ్యాటరీతో, సెల్యులార్ నెట్‌వర్క్ మీద పనిచేసేదై ఉండాలి. మెరీనా (పడవలు కట్టి ఉంచే రేవు) వైఫై మీద ఆధారపడితే ఆ రూటరుకూ కరెంటు పోయిన రోజున ఉపయోగపడదు.

ఇక తాళం సంగతి. చాలామంది స్తంభం వైపు ప్లగ్గుకు గొలుసు చుట్టి తాళం బిగిస్తారు. నాకది నచ్చదు. ప్లగ్గు వేడెక్కి కాలుతున్నా, పడవలో మంటలు లేచినా, ముందుగా బ్రేకరు దించి కేబుల్‌ను స్తంభం దగ్గర వేరుచేయాల్సింది పక్క పడవ వారో మెరీనా సిబ్బందో. వారి దగ్గర మన తాళంచెవి ఉండదు. పడవ వైపు చివరకు తాళపు కవరు బిగిస్తే ఈ ఇబ్బంది లేదు. దొంగ కత్తిరించి పట్టుకుపోవచ్చు గానీ, సగం పడవకే వేలాడుతుంటే దొరికిన ముక్కకు తుక్కు ధర మాత్రమే వస్తుంది.

కరెంటు ఉన్న కేబుల్‌ను కోసి, ఆ చివరను నీళ్ళలో వదిలేయడం మరింత భయంకరం. ఉప్పునీటి కన్నా మంచినీటిలో ఇది ఎక్కువ ప్రాణాంతకం: మంచినీటి కన్నా మనిషి శరీరం విద్యుత్తుకు సులువైన దారి కనుక, ఈతగాడి కండరాలు పట్టేసి అతడు మునిగిపోతాడు. లీకేజీ కరెంటును పసిగట్టి సరఫరా ఆపే రక్షణ కొత్త డాక్‌లలో ఉంటున్నా, పాత వాటిలో చాలాచోట్ల లేదు. అందువల్ల తెగిన కేబుల్ కనిపిస్తే దాన్ని ముట్టుకోకుండా బ్రేకరు దించి, సిబ్బందిని పిలవాలి. అంతవరకు ఎవరినీ నీళ్ళలోకి దిగనివ్వకూడదు.