కొసన ధ్రువుడు ఉన్న చెట్టు

మంచి పనికి డబ్బు కూడబెట్టడానికి అలంకరించి వేలానికి పెట్టే క్రిస్మస్ చెట్టు, ఇంట్లో పెట్టుకునే చెట్టు ఒకటి కావు. ఇంటి చెట్టు మీదకి ఏళ్ళ తరబడి పోగైన వస్తువులన్నీ ఎక్కుతాయి. పిల్లలు బళ్ళో చేసిన కాగితం గంట, ఎవరో ఇచ్చిన గాజు పిట్ట, రంగు వెలిసిన బంతి. ఒకదానికొకటి పొంతన ఉండదు, ఉండక్కర్లేదు కూడా. దేని వెనక ఏ సంగతి ఉందో ఇంట్లోవాళ్ళకి తెలుసు. వేలం హాల్లోకి వచ్చినవాళ్ళకి అవేవీ తెలీవు. వరసగా నిలబెట్టిన చెట్ల మధ్య నడుచుకుంటూ పోతూ ఒక్కో దాని ముందు కాసేపు ఆగుతారు, అంతే. ఆ కాసేపట్లో ఈ చెట్టు దేని గురించో తెలిసిపోవాలి. దగ్గరికొచ్చి చూసినవాళ్ళకి దూరం నుంచి కనపడనిది ఇంకేదో దొరకాలి. వేలం చెట్టు అలంకరించేటప్పుడు థీమ్ నుంచి, అంటే చెట్టు మొత్తాన్నీ కలిపి పట్టుకునే ఊహ నుంచి, నేను కోరుకునేది ఈ రెండే.

థీమ్ ఏమిటని అడిగితే చాలామంది రంగులు చెబుతారు. "ఈసారి నీలం, వెండి" అంటారు. అది రంగుల ఎంపిక మాత్రమే. ఇంకొందరు సముద్రం అనుకుని గవ్వలు, చేపలు, గుర్రపుచేపలు కొనుక్కొచ్చి చెట్టు నిండా వేలాడదీస్తారు. వస్తువులు బావుంటాయి కానీ వాటికీ చెట్టుకీ సంబంధం కుదరదు. చెట్టుకి ఒక ఆకారం ఉంది. కింద వెడల్పు, పైకి పోయేకొద్దీ సన్నం, కొసన ఒక్క వస్తువుకే చోటు. థీమ్ ఆ ఆకారాన్ని వాడుకోవాలి. సముద్రమే అనుకుందాం. కింది కొమ్మల్లో చిక్కటి నీలం, లోతుల్లో ఉండే జీవాలు, నడుము దగ్గర చేపల గుంపులు, పైన లేత ఆకుపచ్చ, నురగ, కొసన రెక్కలు చాచిన తెల్ల పక్షి. వస్తువులు అవే, వరస మారింది. చూసేవాళ్ళ కన్ను అడుగు నుంచి పైకి దానంతటదే వెళ్తుంది.

మొత్తం చెట్టుని ఒకే కథ చుట్టూ అలంకరించడం ఇంతగా వ్యాపించడానికి వైట్ హౌస్ కూడా ఒక కారణం. 1961లో అప్పటి అమెరికా అధ్యక్షుడి భార్య జాక్వెలిన్ కెన్నెడీ అక్కడి బ్లూ రూమ్ అనే గదిలోని చెట్టుని నట్‌క్రాకర్ అనే బ్యాలే నృత్య నాటకంలోని బొమ్మలతో చేయించారు. ఏటా ఒక థీమ్ పెట్టే ఆనవాయితీ అక్కడ అలా మొదలైంది. అమెరికాలోనే సాల్ట్ లేక్ సిటీ ప్రాంతంలో పిల్లల ఆసుపత్రి కోసం చెట్లు అలంకరించి అమ్మే ఉత్సవం 1970ల తొలినాళ్ళ నుంచీ నడుస్తోంది. అక్కడ చాలా చెట్లు చనిపోయిన బిడ్డ గుర్తుగా ఆ కుటుంబాలే చేస్తాయి. ఆ బిడ్డకి ఇష్టమైనదే చెట్టుకి థీమ్ అవుతుంది. ఆ సంగతి చదివినప్పటి నుంచీ ఈ పనిని నేను అలంకరణగా మాత్రమే చూడలేకపోతున్నాను.

మా వేలం డబ్బు కూడా పిల్లల ఆసుపత్రికే. పిల్లల దగ్గర కాపలా ఉండే అమ్మానాన్నలు కాస్త నడుం వాల్చే గదుల కోసం. అది తెలిశాక రాత్రి మీద చెయ్యాలనిపించింది. ఆసుపత్రిలో పగలు ఎలాగో గడిచిపోతుంది. డాక్టర్లు వస్తారు, చుట్టాలు వస్తారు, ఫోన్లు మోగుతాయి. రాత్రే గడవదు. ఆ కిటికీలోంచి వాళ్ళకి కనిపించే ఆకాశాన్ని చెట్టు మీదకి తేవాలనుకున్నాను.

క్రిస్మస్ చెట్టు కొసన మామూలుగా నక్షత్రం ఉంటుంది. బాలయేసుని చూడటానికి వచ్చిన జ్ఞానులను బేత్లెహేముకి నడిపించిన నక్షత్రానికి గుర్తు అది. దారి చూపే నక్షత్రం అనుకోగానే నాకు ధ్రువుడు తట్టాడు. ధ్రువుణ్ణి పట్టుకోవాలంటే ముందు సప్తర్షి మండలం, గిన్నెకి తోక తగిలించినట్టుండే ఏడు చుక్కలు, కనపడాలి. గిన్నె అంచున ఉన్న రెండు చుక్కలు, పులహుడూ క్రతువూ, వాటిని కలుపుతూ ఒక గీత ఊహించుకుని అదే దిక్కులో ఐదు రెట్లు పొడిగిస్తే ధ్రువుడి దగ్గరికి చేరతాం. అంటే కొసన పెట్టే నక్షత్రం వైపు చెట్టే వేలు పెట్టి చూపించగలదు. థీమ్ నాకు అక్కడ ఖాయమైపోయింది.

కొలతలు తేలికే. పులహుడికీ క్రతువుకీ మధ్య రెండంగుళాలు పెడితే, క్రతువు నుంచి కొస వరకూ పదంగుళాలు. చిక్కంతా చెట్టుతోనే. పైన అది బాగా సన్నబడిపోతుంది కదా, ఏడు చుక్కలనీ కొమ్మలకే కడితే గిన్నె ముందుకి ఉండి తోక చెట్టు వెనక్కి తిరిగిపోతుంది. అందుకని మందపాటి తీగతో మండలం మొత్తానికి ఒక చట్రం వంచి, దానికి నల్ల దారం చుట్టి, కాండానికి బిగించి కొమ్మల ముందు గాల్లో నిలబెట్టాను. చీకట్లో తీగ కనపడదు, పూసలే కనపడతాయి.

పూసలు కుట్టడం నా వృత్తి కాబట్టి ఈ భాగం మీద మనసుపెట్టి కూర్చున్నాను. వసిష్ఠుడికి ఎనిమిది మిల్లీమీటర్ల గాజుపూస పెట్టాను. దాని పక్కనే అరుంధతికి రెండు మిల్లీమీటర్లది. అంత చిన్నదాన్ని తీగకి ఎక్కిస్తే జారుతూనే ఉంటుంది. సన్నటి సూదితో నైలాన్ దారం రెండుసార్లు తిప్పి, వెనక ముడి వేసి, ఆ ముడి మీద ఒక్క చుక్క జిగురు వేశాను. మా చెల్లి చూసి "అక్కా, హాల్లో ఇది ఎవరికి కనపడుతుందే?" అంది. దూరం నుంచి ఎవరికీ కనపడదు. ఆకాశంలో కూడా అరుంధతి, తేరిపార చూసినవాళ్ళకే కదా కనపడేది.

చెట్టు నడుముకి ముందువైపు ఓరియన్, వేటగాడి రూపంలో ఉండే నక్షత్ర మండలం. అక్కడ కావలసినంత వెడల్పు ఉంది. నడుంపట్టీలో మూడు పూసలు వరసగా, చూసేవాళ్ళకి ఎడమవైపు భుజాన ఆర్ద్రకి తేనె రంగు, కుడివైపు పాదాన రైజెల్‌కి లేత నీలం. ఈ రెండు రంగులూ నేను కల్పించినవి కావు, ఆ నక్షత్రాలు నిజంగానే అలా ఉంటాయి. నడుంపట్టీ గీతని కిందికి ఎడమవైపు లాగితే లుబ్ధకుడు, చెట్టు మొత్తంలో పెద్ద స్ఫటికం దానికే. పైకి కుడివైపు లాగితే నారింజ రంగు రోహిణి, అది దాటితే కృత్తికలు. కృత్తికలకి ఆవగింజంత పూసలు ఆరు, ఒకదాన్నొకటి ఆనుకునేలా కుట్టాను. ఇవి పిల్లల కంటి ఎత్తులో ఉండాలని ముందే అనుకున్నాను. వేలానికి పెద్దవాళ్ళతో పిల్లలూ వస్తారు, చెట్టు ముందు ఎక్కువసేపు నిలబడేది వాళ్ళే.

లైట్ల దగ్గర అందరూ చెప్పే లెక్క ఒకటుంది, అడుగు ఎత్తుకి వంద బల్బులు. ఏడడుగుల చెట్టుకి ఏడు వందలు. మామూలు చెట్టుకి అది సరైన లెక్కే. ఈ చెట్టుకి మాత్రం నేను ఐదు వందలతో ఆపేశాను. కొమ్మల చివర్లు వెలిగిపోతే పూసలు కనపడవు. అందుకే లైట్లని చుట్టూ దండలా తిప్పకుండా, కాండం దగ్గర మొదలుపెట్టి కొమ్మ వెంట సగం వరకూ తీసుకెళ్ళి వెనక్కి తెచ్చాను. వెలుగు లోపలి నుంచి వస్తుంది, చెట్టుకి లోతు కనిపిస్తుంది. 2700 కెల్విన్ ఎల్‌ఈడీలు, అంటే పసుపు కలిసిన తెలుపు. నీలి తెలుపు లైట్లు ఆకాశానికి బావుంటాయనిపిస్తుంది కానీ ఇంటి గదిలో అవి కళ లేకుండా, ట్యూబ్‌లైట్ లాగా ఉంటాయి. కొన్నవాళ్ళు ఆ చెట్టు పక్కన సాయంత్రాలు కూర్చోవాలి.

చెట్టు మీద దీపాలు ఎలా వచ్చాయో ఒక కథ చెబుతారు. మార్టిన్ లూథర్ చలికాలం రాత్రి ఇంటికి నడుస్తూ చెట్ల మధ్య నక్షత్రాలు చూసి, అది ఇంట్లోవాళ్ళకి చూపించాలని చెట్టుకి కొవ్వొత్తులు పెట్టాడట. చరిత్రలో దానికి ఆధారం లేదు, కథే. కరెంటు దీపాల సంగతికి మాత్రం ఆధారం ఉంది. ఎడిసన్ దగ్గర పనిచేసిన ఎడ్వర్డ్ జాన్సన్ 1882లో న్యూయార్క్‌లో తన ఇంటి చెట్టుకి ఎరుపు, తెలుపు, నీలం రంగుల్లో 80 బల్బులు పెట్టాడు. ఆధారం లేకపోయినా నాకు మొదటిదే ఇష్టం. నక్షత్రాలు చూసి దీపం పెట్టాలనిపించడంలో అబద్ధమేమీ లేదు.

రిబ్బన్ గురించి పెద్దగా చెప్పేదేం లేదు. ముదురు నీలం వెల్వెట్, పైనుంచి కిందికి వదులుగా జారేలా, అక్కడక్కడా లోపలికి నొక్కి.

వేలం చెట్టుకి అసలు పరీక్ష వేలంపాట అయిపోయాక మొదలవుతుంది. హాల్లోంచి బయటికెళ్ళి, బండెక్కి, ఎవరింట్లోనో మళ్ళీ నిలబడాలి. కొక్కేలకి వేలాడదీసినవన్నీ దారిలోనే రాలిపోతాయి. కాబట్టి నేను ప్రతిదాన్నీ పూలు కట్టే తీగతో కొమ్మకి బిగిస్తాను. ఇది నిజం చెట్టు కాదు, మూడు ముక్కలుగా విడిపోయేది కనుక ఏ ముక్క లైట్లు ఆ ముక్కకే, విడి ప్లగ్గుతో. చట్రాలన్నీ ఊడదీసి పెట్టెలో పెట్టుకునేలా ఉంటాయి, ఏది ఎక్కడ పెట్టాలో ఫోటోల మీద నంబర్లు వేసి ఇస్తాను. కొస నక్షత్రంతో కలిపి ఎత్తు ఏడున్నర అడుగులు దాటనివ్వను. ఎంత ముచ్చటపడినా ఇంట్లో పట్టదనిపిస్తే ఎవరూ పాట పెంచరు.

మాది కాగితం మీద రాసే పాట. చెట్టు పక్కన బల్ల మీద కాగితం ఉంటుంది, పై అంకె కంటే ఎక్కువ వేసి పేరు రాస్తారు. సాయంత్రమంతా కాగితం వైపు చూడకుండా ఉండటం కష్టమే, టెన్షన్‌గానే ఉంటుంది. నేను చెట్టు వెనక నిలబడి వచ్చేవాళ్ళ మాటలు విన్నాను. ఒక పెద్దాయన మనవరాలిని ఎత్తుకుని "ఈ రెండు చుక్కలూ పట్టుకుని అలాగే పైకి వెళ్ళు" అన్నారు. ఆ పాప వేలు కొస దాకా వెళ్ళింది. మళ్ళీ కిందికి దిగి వసిష్ఠుడి దగ్గర ఆగింది. "తాతయ్యా, ఇక్కడ ఇంకోటి బుజ్జిది ఉంది!" మా చెల్లి నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

చివరి అంకె రాసినావిడ నన్ను వెతుక్కుంటూ వచ్చి, మా పిల్లల బొమ్మలు కూడా దీనికి కట్టుకోవచ్చా అండీ అని అడిగారు. వెనకవైపు గోడకి ఆనే కొమ్మల్ని నేనెప్పుడూ ఖాళీగానే వదులుతాను, అందుకోసమేనని చూపించాను. సోఫా పక్కన మూలలో కాకుండా కాస్త ముందుకి జరిపి పెట్టుకుంటానన్నారు.

వచ్చేసారికి కుట్టుపెట్టె అనుకుంటున్నాను. కింద దారపు కండెలు, మధ్యలో గుండీలు, పైకి పోయేకొద్దీ సూదులు, పిన్నుల మెరుపు. కొసన ఏం పెట్టాలో ఇంకా తేలలేదు. అది తేలేదాకా ఒక్క గుండీ కూడా కొనను.