సూది నా చేతికి వచ్చాక

నాకు టైప్ 1 షుగరు తొమ్మిదో ఏట వచ్చింది. ఇరవై ఎనిమిదో ఏడు వచ్చేదాకా రోజుకి రెండు సూదులూ అమ్మే వేసింది. సూది నేనే వేసుకోవాలంటే భయం. ఆ భయమూ ఒక జబ్బేనని, దానికీ వైద్యం ఉందని తెలిసేసరికి ప్రాణం మీదికి వచ్చింది. భయం తగ్గింది కాబట్టి ఇప్పుడు రాయగలుగుతున్నాను. ఒడిశాలో ఉన్న మా పర్లాకిమిడిలోనే కాదు, గుణుపురంలో, రాయగడలో కూడా మాలాంటి ఇళ్ళు ఉన్నాయి. వాళ్ళకి పనికొస్తుందని.

ఆ రాత్రి అమ్మ ఊళ్ళో లేదు. పిన్ని కూతురి పురుడని టెక్కలి వెళ్ళింది. నాకు సాయంత్రం నుంచి జ్వరం, వాంతులు. పొద్దుటి నుంచి గంజి తప్ప ఏమీ దిగలేదు. మా ఇంట్లో ఇన్సులిన్ కుండలో ఉంటుంది. పెద్ద కుండలో కాసిన్ని నీళ్ళు, అందులో చిన్న కుండ, దాన్లో పొడిగుడ్డలో చుట్టిన సీసా. నాన్న టార్చి పట్టుకుంటే సీసా తీశాను. ఎర్రమూత సిరంజి కవరు చింపాను. చెయ్యి ఆగడం లేదు. "తిండి లేకుండా సూదేస్తే పడిపోతావేమో తల్లీ, పొద్దున్నే అమ్మ వచ్చేస్తుంది కదా" అన్నాడు నాన్న. నాక్కావలసింది కూడా ఆ మాటే. సీసాని మళ్ళీ గుడ్డలో చుట్టి కుండలో పెట్టేశాను. ఆ గుడ్డ చుడుతున్నప్పుడు ఎంత హాయిగా అనిపించిందో ఇంకా గుర్తుంది.

తినకపోతే ఇన్సులిన్ అక్కర్లేదనుకోవడం మా ఇద్దరి తప్పు. టైప్ 1లో ఒంట్లో సొంత ఇన్సులిన్ దాదాపు ఉండదు. జ్వరం వస్తే కాలేయం ఇంకా ఎక్కువ చక్కెర వదులుతుంది. దాన్ని వాడుకోలేక ఒళ్ళు కొవ్వు కరిగించుకుంటుంది, కీటోన్లనే ఆమ్లాలు పుడతాయి, రక్తం పుల్లబడుతుంది. దాంతో వాంతులు ఇంకా పెరుగుతాయి. తెల్లవారుజాము మూడింటికి నా ఊపిరి నాకే బుస కొట్టినట్టు వినిపించింది. నోట్లోంచి బాగా మగ్గిన పండు వాసన. నాన్న చెప్పులు కూడా వేసుకోకుండా ఆటో కోసం రోడ్డు మీదికి పరిగెత్తాడు.

ఆసుపత్రి సంగతి పెద్దగా చెప్పేది లేదు. సెలైను, ఇన్సులిన్ డ్రిప్పు, పొటాషియం, గంటగంటకీ వేలు గుచ్చడం. చెప్పాల్సింది ఒక్క మాట గురించి. "రోజూ ఎన్ని పాయింట్లు వేసుకుంటావ్?" అని అడిగాడు డ్యూటీ డాక్టరు. మా వైపు యూనిట్లని పాయింట్లంటాం. "అమ్మకి తెలుసండి" అన్నాను. ఆయన నర్సు వైపు తిరిగి, "తన పేరైనా తెలుసా, అదీ వాళ్ళమ్మనే అడగాలా?" అన్నాడు. పక్క మంచం వాళ్ళు నవ్వారు.

నన్ను బతికించింది ఆయనే. చేతులెత్తి దండం పెడతాను. ఆ మాట మాత్రం ఇప్పటికీ మింగుడుపడలేదు. పందొమ్మిదేళ్ళలో ఏ డాక్టరూ నా మొహం చూసి లెక్క చెప్పలేదు. నాకు ఇరవై రెండేళ్ళు వచ్చాక కూడా "ఏమ్మా, ఉదయం 18, రాత్రి 12" అని అమ్మకే చెప్పేవారు. అదీ సగం ఒడియాలో, సగం ఇంగ్లీషులో. జనం మాట్లాడే తెలుగులోనే చదువు సాగాలని గిడుగు రామమూర్తి గారు పోరాటం మొదలుపెట్టిన ఊరు మాది. నా జబ్బు గురించి మాత్రం తెలుగులో రాసిన కాగితం ఒక్కటి నా చేతికి రాలేదు.

దారి చూపించింది విశాఖలో ఒక సైకాలజిస్టు. ఆవిడ నన్ను సోమరి అనలేదు, గారాబం అనలేదు. భయపడే పనిని ఎవరో చేసిపెట్టిన ప్రతిసారీ మనసు తేలికపడుతుంది, ఆ తేలిక రుచి మరిగి మర్నాటికి భయం ఇంకాస్త పెరుగుతుంది అన్నారు. గుడ్డ చుట్టినప్పటి హాయి అప్పుడు అర్థమయింది. అమ్మదీ అదే చక్రం. నాకు సూదేస్తే తన భయం తగ్గుతుంది.

వైద్యం మెట్లు మెట్లుగా సాగింది. మొదటి వారం సూది జోలికి పోలేదు. సీసా నేనే తీసి అరచేతుల మధ్య పదిసార్లు దొర్లించి, పదిసార్లు తలకిందులు చేసేదాన్ని. నాది తెల్లగా ఉండే మిక్స్ మందు. అడుగున పేరుకుంటుంది, సరిగ్గా కలవకపోతే ఒక పూట ఎక్కువ, ఒక పూట తక్కువ పడుతుంది. గిలక్కొట్టకూడదు, నురగ వస్తుంది. రెండో వారం 18 గీత దాకా గాలి తీసి సీసాలోకి ఎక్కించి, సీసా బోర్లించి మందు లాగడం. బుడగలొస్తే తట్టి, వెనక్కి నెట్టి, మళ్ళీ లాగాలి. మూడో వారం గుచ్చడం నాది, నొక్కడం అమ్మది. నాలుగో వారం రెండూ నావే. నొక్కాక పది లెక్కపెట్టి తీయాలి. ప్రతిసారీ ముందు నా భయానికి పదికి ఎన్నో మార్కులు వేసుకోవాలి, అవి సగానికి దిగేదాకా అక్కణ్ణుంచి లేవకూడదు. మొదట్లో 9. నెలాఖరుకి 3.

ఏం చెయ్యాలో సైకాలజిస్టు అమ్మకి రాసిచ్చిన కాగితం నా కాగితం కంటే పొడుగు. మొదట గదిలో ఉండాలి, చెయ్యి పెట్టకూడదు. తర్వాత వంటింట్లో ఉండాలి. తర్వాత రోజుకి ఒక్కసారే అడగాలి. ఆఖరికి ఆదివారం మాత్రం నేను షుగరు అంకెలు రాసుకునే పుస్తకం చూడాలి. "ఇక నీ చావు నువ్వు చావు" అని ఉన్నట్టుండి వదిలేస్తే సూదులు తప్పుతాయి. కొన్నాళ్ళు ఇద్దరూ పంచుకోవాల్సిందే. అడిగే తీరు కూడా మారాలి. మిషనులో 280 చూస్తే అమ్మ "ఏం తిన్నావ్?" అనేది, మర్నాడు నేను పుస్తకంలో 150 అని రాసేదాన్ని. ఇప్పుడు "280 ఉందిగా, ఏం చేద్దామనుకుంటున్నావ్?" అంటుంది. దొంగ అంకెలు ఆగిపోయాయి.

అమ్మ మీద నాకు కోపం లేదని చెప్పలేను. నొప్పి తెలియదని ఎడమ తొడలో ఒకేచోట ఏళ్ళ తరబడి వేసింది. అక్కడ గడ్డకట్టింది. గడ్డలో మందు సరిగ్గా ఒంటికి పట్టదు. చోటు మార్చినప్పుడు పాత డోసే ఎక్కువైపోవచ్చు, డాక్టరుని అడిగి ముందే తగ్గించుకోవాలి. నాకా సంగతి ఎవరూ చెప్పలేదు. పొట్ట మీద వేసుకున్న రెండో రోజే షుగరు 52కి పడిపోయింది. మూడు టీస్పూన్ల గ్లూకోజు నీళ్ళలో కలుపుకుని తాగి, పదిహేను నిమిషాలాగి మళ్ళీ చూసుకుంటే 88. ఇప్పుడు వేలెడు వేలెడు దూరం జరుపుతూ వేసుకుంటాను.

ఇంకో ప్రమాదం చెప్పకపోతే తప్పు. ఎర్రమూత సిరంజి ఎమ్మెల్‌కి 40 పాయింట్ల సీసాకే. ఇన్సులిన్ పెన్నులో వేసే కార్ట్రిడ్జి ఎమ్మెల్‌కి 100 పాయింట్లది. పెన్ను పాడైందని దాంట్లోంచి ఎర్రమూత సిరంజితో లాగితే రెండున్నర రెట్లు మందు ఒంట్లోకి పోతుంది.

2000లో జెఫ్రీ ఆర్నెట్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త 18 నుంచి 25 ఏళ్ళ దశని విడిగా చూడాలన్నాడు. పెద్దవాళ్ళవడమంటే ఏమిటని అక్కడి కుర్రకారుని అడిగితే పెళ్ళి అని చెప్పలేదు. తన బాధ్యత తను తీసుకోవడం, తన నిర్ణయం తను చేసుకోవడం, తన ఖర్చు తను చూసుకోవడం అన్నారు. మా ఇళ్ళలో మాత్రం పెళ్ళయితేనే పెద్దదాని కింద లెక్క. అందుకే చూపుల రోజు అమ్మ సీసా బీరువాలో దాచింది, నేనూ ఊరుకుని ఆ పూట సూది మానేశాను. నెలలు పట్టి ఎక్కిన మెట్లు ఒక్క పూటలో దిగిపోయాను. రాత్రికి 390. ఆ తర్వాత వచ్చిన సంబంధం వాళ్ళకి నేనే చెప్పాను. వాళ్ళు మళ్ళీ రాలేదు. ఆ రాత్రి మాత్రం నిద్ర బాగా పట్టింది.

వంటింటి తలుపుకి తెలుగులో ఒక కాగితం అంటించాను, నాన్న చదవడానికి. జ్వరమొచ్చినా, తినకపోయినా ఇన్సులిన్ పూర్తిగా మానకూడదు. ఎంత వెయ్యాలో డాక్టరుకి ఫోన్ చేసి అడగాలి. మూడు నాలుగు గంటలకోసారి షుగరు, మూత్రంలో కీటోన్లు చూడాలి. నీళ్ళు తాగుతూ ఉండాలి. వాంతులు ఆగకపోయినా, కీటోన్ల పట్టీ ముదురు రంగుకి తిరిగినా తెల్లారేదాకా ఆగొద్దు.

నేను బతికితే సింహాచలం అప్పన్నకి తలనీలాలిస్తానని అమ్మ మొక్కుకుంది. మొక్కు తీర్చడానికి ఈమధ్యే ఇద్దరం వెళ్ళాం. దారిలో హోటల్లో టిఫిన్ చెప్పి, బల్ల దగ్గరే 18 పాయింట్లు లాగాను. ఎదుటి బల్ల వాళ్ళు చూస్తున్నారు. అమ్మ చెయ్యి నా వైపు రాబోయి ఆగింది. సంచీ ఒళ్ళో పెట్టుకుని కిటికీ వైపు తిరిగింది. పది లెక్కపెట్టి సూది తీశాక, "ఇడ్లీ వచ్చిందమ్మా" అన్నాను.